ప్రకాశం భవనం ఎదురుగా టీ

నిన్న ఒంగోలులో ప్రకాశం భవనం దగ్గర టీ తాగుతుంటే మా బాబాయి మొదలుపెట్టాడు. ఫోన్లో ఎవరో పంపిన శృంగార కథ చూశాడంట. (మొత్తం చదివాకే తిట్టాడు, అది వేరే సంగతి.)

"ఇట్టాంటివి రాసేవోళ్లని లోపలెయ్యాలబ్బయ్యా, పిల్లకాయలు చెడిపోతన్నారు."

ఈ మాట కొత్తదేం కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యాన్ని బూతని వీరేశలింగం పంతులంతటాయనే ఈసడించాడు. 1910లో దాన్ని మళ్లీ అచ్చేయించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఊరుకోలా, సిగ్గనేది ఆడోళ్లకేనా, మగోళ్లకి అక్కర్లేదా అని పీఠికలోనే నిలదీసింది. 1911లో తెల్లదొరల సర్కారు నిషేధం పెట్టింది. ఆ నిషేధం ఎత్తేయించింది ఎవరనుకున్నారు? టంగుటూరి ప్రకాశం పంతులు. ఎదురుగా ఉన్న బిల్డింగు బోర్డు మీద ఉన్నది ఆయన పేరే.

బాబాయి టీ గ్లాసు పట్టుకుని ఆ బోర్డు వంక చూస్తా ఉండిపోయాడు. టీ మీద మీగడ కట్టింది.

నేనేమన్నా తక్కువ తిన్నానా? ఇంటర్లో ఫిజిక్స్ పుస్తకం మధ్యలో అద్దె నవల పెట్టుకుని చదువుతా నాయనకి దొరికిపోయా. ఆయన చించేశాడు, షాపోడికి డబ్బులు నేను కట్టా. చెడిపోయానా అంటే, ఫిజిక్స్ మాత్రం పోయింది.

రాత్రి ఇంటికొచ్చి మా వాడి ఫోన్ తీసి చూశా. క్రికెట్ స్కోర్లు తప్ప ఏం లేవు. నమ్మలా.