ఉదయం మిద్దె మీద, మధ్యాహ్నం క్లాసులో

కుర్చీ ఉద్యోగం మానేసి సగం రోజు పాఠాలు, సగం రోజు ఎండలో సొంత పని చేసుకుందామనుకునేవాళ్లు ముందు డబ్బు లెక్క వేస్తారు. వేయాల్సిందే. కానీ ఈ ఏర్పాటు ఎక్కువగా దెబ్బతినేది క్యాలెండర్ దగ్గర. రెండు పనులకూ ఒకే నెలలో ఊపిరాడదు, మరో నెలలో రెండూ పడుకుంటాయి. అది ముందే తెలిస్తే మిగతావి సర్దుకోవచ్చు. హైదరాబాద్‌లో ఇప్పుడు చాలామంది చూస్తున్న జోడీనే ఇక్కడ తీసుకుంటున్నాను: కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా కొన్ని పీరియడ్లు, పొద్దున్నే ఇళ్ల మీద మిద్దెతోటలు వేసి చూసుకునే పని.

రాజీనామా మెయిల్ కొట్టే ముందు చేరిన తేదీ చూసుకోండి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, చేతికొస్తుంది. దానికి రెండు మూడు నెలలే ఉంటే ఆగడం మేలు. దాని లెక్క సులువే: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 40,000 బేసిక్ మీద ఆరేళ్లకు 1,38,461 రూపాయలు. తొందరపడి వదులుకునే మొత్తం కాదది. పీఎఫ్ కూడా ఐదేళ్ల సర్వీసు కాకుండా తీసేస్తే పన్ను పడుతుంది. పదేళ్లు దాటితే అందులోని పింఛను భాగాన్ని ఒకేసారి తీసుకోవడం కుదరదు, తర్వాత పింఛనుగానే వస్తుంది. పాత కంపెనీ మీ ఎగ్జిట్ డేట్ వేసిందో లేదో పోర్టల్‌లో చూసుకోండి. చాలా క్లెయిములు ఆగేది ఆ ఒక్క గడి దగ్గరే.

ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోవాలి. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ సొంత పాలసీకి మారితే ఈ నిరీక్షణ కొంత తగ్గుతుంది, హెచ్ఆర్‌ని ముందే అడగండి. ఇంటి లోను ఆలోచన ఉంటే అదీ పేస్లిప్ ఉన్నప్పుడే. తర్వాత బ్యాంకు రెండేళ్ల ఐటీ రిటర్నులు తెమ్మంటుంది.

ఇక పాఠాల సంగతి. డిగ్రీ కాలేజీలో గెస్ట్‌గా చేరాలంటే పీజీలో 55 శాతం, దానిపైన లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ గానీ సెట్ గానీ, లేదా పీహెచ్‌డీ గానీ అడుగుతారు. ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో పీజీ చాలు. పరిశ్రమలో 15 ఏళ్లు పనిచేసినవాళ్లకు పీహెచ్‌డీ లేకపోయినా యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ దారి ఒకటుంది, అయితే ఆ పోస్టులు తక్కువ. గెస్ట్ లెక్చరర్‌కు ఒక్కో లెక్చరుకు 1,500, నెలకు గరిష్ఠంగా 50,000 అని యూజీసీ 2019లో చెప్పింది. ప్రైవేటు కాలేజీలో ఆ అంకె చెప్పి బేరమాడితే నవ్వి ఊరుకుంటారు.

అసలు చూసుకోవాల్సింది రేటు కన్నా లెక్కపెట్టే పద్ధతి. వారానికి 12 పీరియడ్లు అంటే నెలకు 48 అనుకోవద్దు. రెండో శనివారం, బంద్, ఇంటర్నల్స్ వారం, కాలేజీ డే పోగా 36 మిగిలినా గొప్పే. చెప్పిన పీరియడ్‌కే డబ్బు. పేపర్లు దిద్దినందుకు, ఇన్విజిలేషన్‌కు ఇస్తారో లేదో ముందే అడిగి, ఆర్డరు కాగితంలో రాయించుకోండి. డబ్బు నెలనెలా ఇస్తారా, సెమిస్టరు చివర ఒకేసారి ఇస్తారా అన్నది కూడా అందులోనే ఉండాలి. రిజిస్టర్‌లో సంతకం ఏ రోజుకారోజు పెట్టేయాలి, నెలాఖరున గుర్తు చేసుకుని పెడదామంటే రెండు పీరియడ్లు గాలికి పోతాయి. మొదటి ఏడు ఒక్కో పీరియడ్‌కు రెండు గంటల తయారీ పడుతుందని కూడా వేసుకోండి. ఆ గంటలకు జీతం లేదు.

టైమ్‌టేబుల్ ఖరారయ్యే ముందే మధ్యాహ్నం పీరియడ్లు కావాలని అడగాలి. ఫస్ట్ అవర్ ఒప్పుకుంటే తోటపని అయిపోయినట్టే, ఎందుకంటే తోటలో పనికొచ్చే గంటలు ఉదయం ఆరు నుంచి పదిన్నర దాకానే. మే నెలలో అయితే తొమ్మిదికే దిగిపోవాలి. ఇంకో చిన్న విషయం: పొడి వర్మీ కంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోకపోతే మధ్యాహ్నానికి గొంతు పట్టేస్తుంది, మూడో పీరియడ్‌లో మాట రాదు. చేతులకు గ్లౌజులు, ఒక టీటీ ఇంజెక్షన్ కూడా ఖర్చులో వేసుకోండి.

మిద్దెతోటలో మొదటి తప్పు బరువు దగ్గర జరుగుతుంది. భవనాల మీద పడే బరువులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల బరువు లెక్కకట్టి శ్లాబు వేస్తారు. పన్నెండంగుళాల వెడల్పు, పన్నెండంగుళాల ఎత్తున్న గ్రో బ్యాగులో 22 లీటర్ల మట్టి పడుతుంది, తడిస్తే 25 నుంచి 28 కిలోలు. చదరపు మీటరుకు ఐదు బ్యాగులు పెడితే లెక్కలోపే ఉంటాం. బ్యాగుకు బ్యాగు ఆనించి పది పెట్టేస్తే 250 దాటిపోతుంది. ఇటుకలు పేర్చి అడుగు లోతు మట్టి నింపిన మడి అయితే చదరపు మీటరుకు 400 కిలోలకు పైనే. ఇంజనీరు కాగితం మీద రాసిస్తే తప్ప మడి జోలికి వెళ్లొద్దు, ఇంటాయన ఎంత ముచ్చటపడినా సరే. బరువైనవి పిట్టగోడ వెంబడి, కింద బీములున్న వరసల్లో పెట్టాలి. శ్లాబు నడిమధ్య ఖాళీ వదలాలి.

ఒక్క బ్యాగు పైకెక్కకముందే కింది అంతస్తు సీలింగ్ చూడండి. చెమ్మ మరకలుంటే ఇంటివాళ్ల ఎదుటే ఫొటోలు తీసి వాట్సాప్‌లో వాళ్లకే పంపాలి. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. తొలి వానకు సీలింగ్ కారితే నేరం తోటమీదే వేస్తారు. బ్యాగులు నేరుగా నేలమీద కాకుండా అడుగెత్తు ఇనుప స్టాండ్ల మీద పెడితే కింద ఊడ్చుకోవచ్చు, తడి ఆరుతుంది, వాన గొట్టం మూతికి ఆకులు అడ్డుపడ్డా కనిపిస్తుంది.

మట్టి మిశ్రమానికి ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు లేదా బాగా చివికిన పశువుల ఎరువు, కోకోపీట్ మూడూ సమపాళ్లు, బ్యాగుకు 100 గ్రాముల వేపపిండి. నల్లరేగడి వద్దు, వానకు నీరు పట్టేసి వేళ్లు కుళ్లుతాయి, ఎండకు నెర్రెలిస్తుంది. పచ్చి పేడ వేస్తే వేడి పుట్టి మొక్క మాడుతుంది, వేరుపురుగు ఉచితంగా వస్తుంది. నలభై బ్యాగులకు 880 లీటర్లు కావాలి, మట్టి కుంగుతుంది కాబట్టి వెయ్యి లీటర్లు తెప్పించాలి. అంటే ఎర్రమట్టి 400 కిలోల పైచిలుకు, కంపోస్టు 200 పైచిలుకు, ఐదు కిలోల కోకోపీట్ దిమ్మెలు ఐదు. ఇరవై కిలోల సంచుల్లో లెక్కేస్తే ముప్పైకి పైగా మోతలు. మూడంతస్తులు, పైగా లిఫ్టులో మట్టి వద్దని అసోసియేషన్ వాళ్లు అంటారు. కొటేషన్‌లో అందరూ మర్చిపోయేది ఈ మోత కూలీనే. ఇద్దరు మనుషులకు పూటపని. కోకోపీట్ మాత్రం పొడిగానే, దిమ్మెల్లానే పైకి తీసుకెళ్లి అక్కడే నానబెట్టాలి. ఒక్కో దిమ్మె పాతిక లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది, కింద నానబెడితే ఆ నీళ్లన్నీ వీపు మీద మోసినట్టే.

నానిన కోకోపీట్‌ని పిండి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది. కడగకపోతే మూడో వారానికి ఆకుల అంచులు కాలినట్టు అవుతాయి, దాన్ని తెగులనుకుని మందులు కొడతారు, మొక్క ఇంకా చిక్కుతుంది.

డ్రిప్ పెట్టమని అడిగేవాళ్లు ఎక్కువ. ఓవర్‌హెడ్ ట్యాంకు తోటకన్నా రెండు మీటర్లే ఎత్తుంటే ప్రెషర్ 0.2 బార్ మించదు. డ్రిప్పర్ మీద గంటకు 4 లీటర్లని రాసి ఉంటే అది ఒక బార్ దగ్గర వచ్చే అంకె, ఇక్కడ లీటరున్నర, ఒకటి ముప్పావు వస్తే ఎక్కువ. ప్రెషర్ మారినా ఒకేలా నీళ్లిచ్చే ‘ప్రెషర్ కాంపెన్సేటింగ్’ రకమైతే అసలు సరిగా పనిచేయదు. మామూలు అడ్జస్టబుల్ డ్రిప్పర్లు, 16 మి.మీ. పైపు, ముందు 120 మెష్ ఫిల్టరు చాలు. లైను చివరి బ్యాగు దగ్గర గ్లాసు పెట్టి ఐదు నిమిషాల్లో ఎంత నిండిందో కొలిచి, టైమర్ దానిబట్టి పెట్టండి. బోరు నీళ్లకు తెల్లటి ఉప్పు పేరుకుని నెలా రెండు నెలల్లో మూతులు మూసుకుంటాయి. ఊడదీసి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచితే వదులుతుంది.

నలభై బ్యాగుల మిద్దెకు ఒక్కసారి వెళ్తే కలుపు, కత్తిరింపు, ఎరువు, పురుగు చూడటం అన్నీ కలిపి గంటా పావు. ప్రయాణంతో రెండు గంటలకు దగ్గర. పిండినల్లి, పేనుబంక కనిపిస్తే వేపనూనె (1500 పీపీఎం) లీటరుకు 5 మి.లీ., కుంకుడు రసంలో చిలికి కొట్టాలి. ఎండెక్కాక కొడితే ఆకు మాడుతుంది కాబట్టి రోజులో మొదటి ఇల్లు అదే కావాలి. ఎలా చూసినా పూటకు రెండు మిద్దెలు, ఇళ్లు నాలుగైదు కిలోమీటర్లలోపు ఉంటే మూడు. వారానికి ఐదు పూటలు, పదిహేను రోజులకోసారి వెళ్లే పద్ధతైతే గరిష్ఠంగా ముప్పై ఇళ్లు. మీకు నెలకు కావాల్సిన మొత్తాన్ని అరవై విజిట్లతో భాగిస్తే రేటు తేలుతుంది. ఆ రేటు మీ కాలనీలో ఎవరూ ఇవ్వరనిపిస్తే రాజీనామా వాయిదా వేయండి. కూకట్‌పల్లిలో రెండు, ఉప్పల్‌లో ఒకటి ఒప్పుకుంటే పెట్రోలు ఖర్చు పక్కన పెట్టండి, రెండో ఇంటికి చేరేసరికే ఎండ నెత్తికెక్కుతుంది.

మొదట్లో అన్న క్యాలెండర్ సంగతికి వస్తే, గండం జూన్. కాలేజీలు తెరుస్తారు, కొత్త సిలబస్ చేతికొస్తుంది, సరిగ్గా అప్పుడే మృగశిర కార్తె. మొదటి వాన పడ్డ మర్నాడు ఫోన్లన్నీ ఒకేసారి మోగుతాయి. దీనికి ఒకటే దారి, జూన్ పని మేలో చేయడం. మే మొదట్లో బ్యాగులు నింపి తడిపి వదిలేయాలి. మిరప నారు మే మొదటి వారంలో, టమాటా, వంగ మే మూడో వారంలో 98 గుంటల ట్రేలలో షేడ్ నెట్ కింద పోస్తే జూన్ మధ్యకు నాటుకు వస్తాయి. బెండ, చిక్కుడు, తీగజాతులకు నారక్కర్లేదు, వాన పడ్డాక గింజ పెట్టడమే. కడియం నుంచి లారీల్లో వచ్చిన పూలమొక్కల్ని దిగిన రోజే కుండీ మార్చకుండా వారం నీడన ఉంచండి.

ఏప్రిల్, మే ఇంకో రకం. పీరియడ్లుండవు, డబ్బూ ఉండదు. తోటల్లో కూడా ఎండకు సగం మంది ‘జూన్‌లో చూద్దాం’ అంటారు. అందుకే మార్చి మొదటి తారీఖున మూడు నెలల సొమ్ము ముందుగా తీసుకోవాలి, దానికి 50 శాతం షేడ్ నెట్ కట్టడం జతచేస్తే ఎవరూ కాదనరు. పిల్లల సెలవులకు ఊళ్లెళ్లే ఇళ్లలో నీళ్లు పోసే పని విడిగా రేటుకట్టి తీసుకోండి. వేసవిలో చేతిలో డబ్బు ఆడేది దానివల్లే. పేపర్ వాల్యుయేషన్ పిలుపొస్తే ఆ వారం నీళ్లు పోసే మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

కాగితాల పని కొంచెమే. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బడిగే వెబ్‌సైట్లు దళారులవి. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ. కాలేజీ కోసుకున్న టీడీఎస్ మీ పాన్‌లో పడిందో లేదో ఏటా చూసుకోండి.

జూలై ఆఖరుకల్లా ఒక ఫోను ప్రతి ఇంటినుంచీ వస్తుంది: ‘సార్, సొరపిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయండీ, ఏం మందు కొట్టమంటారు?’ మందు అక్కర్లేదు. నాలుగో అంతస్తు మీదికి తేనెటీగలు తక్కువగా వస్తాయి, పరాగం అందని పిందె రాలుతుంది. కాకర, దోస పూలు పొద్దున విచ్చుకుంటాయి కాబట్టి విజిట్‌లోనే చేతితో అంటించేయొచ్చు. సొర, బీర మాత్రం సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళకు మీరు మిద్దె మీద ఉండరు. కాబట్టి ఒక్క శనివారం సాయంత్రం వెళ్లి ఇంట్లోవాళ్లకు చూపించండి: వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి విరిచి, మధ్యలో పుప్పొడి వేలికి అంటుతోందో లేదో చూసి, ఆడపువ్వు నడిమిన మెల్లగా రెండుసార్లు తిప్పాలి. ఒక మగపువ్వు రెండు ఆడపువ్వులకు సరిపోతుంది. వారంలో పిందె కాడ కిందికి వంగి బరువెక్కితే నిలిచినట్టే, ఆ ఇంటి నుంచి ఫోన్లు సగానికి తగ్గుతాయి.