కొబ్బరికాయకు మొదటి బహుమతి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాకో చిన్న డీటీపీ షాపు ఉంది. జిరాక్స్ మిషన్ మా ఆయన చూసుకుంటాడు, కంపోజింగ్ నాది. సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే కవులు, పదవీ విరమణ సంచికలు వేయించుకునే సార్లు, శతకాలు రాసే పెద్దమనుషులు అందరూ నా దగ్గరికి వచ్చేవాళ్లే. అప్పుడప్పుడు నేనూ కథలు రాస్తాను, కొన్ని అచ్చయ్యాయి కూడా. అందుకే కాబోలు, బడి పిల్లలకు కథల పోటీ పెట్టినవాళ్లు "అక్కా, జడ్జిగా నువ్వు ఉండాలె" అని ఒక సంచి నిండా కవర్లు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టి పోయారు. పారితోషికం శాలువా. మా ఇంట్లో శాలువాలకు కొదవ లేదు, అయినా ఒప్పుకున్నాను.

ఆరు నుంచి పదో తరగతి దాకా ఎవరైనా రాయొచ్చు. నాలుగు పేజీలు దాటకూడదు. పేర్లు, బడి పేర్లు మాకు కనపడకుండా తీసేసి కోడ్ నంబర్లు వేశారు, అది మంచి పని. జడ్జీలం ముగ్గురం. ఒకరు రిటైరైన తెలుగు పండిట్ సార్, ఇంకొకరు జూనియర్ కాలేజీలో చెప్పే మేడం, మూడు నేను. కథలు రెండు వందలకు కొంచెం తక్కువ.

మార్కుల షీటు చూడగానే నాకు మొదటి తలనొప్పి వచ్చింది. కథాంశం, భాష, సృజన, నీతి. ఒక్కోదానికి ఇరవై అయిదు. నీతికి ఇరవై అయిదు మార్కులు పెడితే పిల్లలేం చేస్తారు? మార్కులు ఎక్కడ ఉంటే పెన్ను అక్కడికే పోతుంది. సగానికి పైగా కథల చివర గీత కొట్టి, స్కెచ్ పెన్నుతో "ఈ కథలోని నీతి" అని రాసి ఉంది. ఐకమత్యమే మహాబలం. అత్యాశ పనికిరాదు. చెట్లు నాటాలి. సెల్‌ఫోన్ చూడొద్దు. కొన్నింటిలో కథకూ నీతికీ చుట్టరికం కూడా లేదు.

ఇంకా సింహాలు. ఎన్ని సింహాలో! అమ్రాబాద్ అడవిలో పులులైనా ఉన్నాయి. మన వైపు పిల్లలు సింహాన్ని చూశారంటే హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులోనే చూసి ఉండాలి. అక్కడ చూసిన సింహాన్ని, ఎండకు సోలిపోయి పడుకున్నదాన్ని, రాసినా బాగుండేది. కానీ అందరి సింహాలూ ఒకే అడవికి రాజులు, అందరి కుందేళ్లూ తెలివైనవే.

ఫోన్‌తో రాయించినవి కూడా వచ్చాయి. చేతిరాత పిల్లలదే, వాక్యాలు వాళ్లవి కావు. ఊరు "ప్రశాంతమైన చిన్న గ్రామం", పిల్లవాడి పేరు ఆరవ్, చివరి పేరాలో అతని కళ్లల్లో ఆశ మెరుస్తుంది. పండిట్ సార్ వీటిని పక్కన పడేయాలని పట్టుబట్టారు. నేను వద్దన్నాను. ఫోన్ రాకముందు నాన్నలు రాసేవాళ్లు, అంతకు ముందు ట్యూషన్ సార్లు రాసేవాళ్లు. ఎవరు రాశారని ఆరా తీయడం మన పని కాదు, చదివి మార్కులు వేద్దాం అన్నాను. ఎట్లాగూ వాటికి మార్కులు పడలేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినవి ఏడిపించే కథలు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు అది తాతల బాధ. వంగిన నడుముతో ఉన్న తాత కథలు చాలా వచ్చాయి. చదువుతుంటే కళ్లు తడుస్తాయి, చెయ్యి ఎక్కువ మార్కుల వైపు పోతుంది. కాని ఆ తాతకు నడుము వంగిందని తప్ప ఇంకేమీ తెలియదు మనకు. చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసుకుంటాడా, కోడలితో పడుతుందా, టీవీలో ఏం చూస్తాడు? ఆ పిల్లలకు తెలియక కాదు. పోటీలో రాయాల్సింది బాధే అని ఎవరో చెప్పారు. బాధకు మార్కులు వేయడం మొదలుపెడితే వచ్చే ఏడు ఇంకా పెద్ద బాధలు వస్తాయి. నేను వేయలేదు. మేడం వేశారు. ఆమె కారణాలు ఆమెకున్నాయి.

ఇక అసలు సంగతి, కొబ్బరికాయ.

మన దగ్గర బోరు పాయింట్ ఎట్లా చూస్తారో తెలిసిందే. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చెలకంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట కాయ నిటారుగా లేస్తుందని నమ్మకం. ఒక పిల్లవాడు ఈ కథను కొబ్బరికాయతో చెప్పించాడు. కిరాణా కొట్టులో కొన్నప్పుడు "గుడికి పోతననుకున్న" అంటుంది కాయ. తీరా చూస్తే ఎర్రటి ఎండలో, చెమట పట్టిన అరచేతిలో, చెలక చుట్టూ ప్రదక్షిణం. వెనకాల రైతు, రైతు వెనకాల ఆయన కొడుకు. వేపచెట్టు దగ్గరికి రాగానే కాయ లేచి నిలబడుతుంది. అందరూ సంబరపడతారు. అప్పుడు కాయ అంటుంది: "నేను లెవ్వలె. ఆయన చెయ్యి వంచిండు. నాకు నోరు లేదు."

నోరు లేదని చెప్పేదే నాలుగు పేజీలు మాట్లాడుతున్నది! ఆ పిల్లవాడు అది తెలిసి రాశాడో తెలియక రాశాడో గాని, షాపులో ఒక్కదాన్నే పకపకా నవ్వాను.

తర్వాత బోరుబండి వస్తుంది. పూజ చేసి, ఆ కాయనే బండి ముందు కొడతారు. అయిదు వందల ఫీట్లు పోయినా తెల్లటి దుమ్మే లేస్తుంది. ఆఖరి వాక్యం ఇది: "గా బోర్ల పడ్డ నీళ్లు నావే."

ప్రూఫులు దిద్దే చేతికి ఒక రోగం ఉంటుంది. తప్పు కనపడితే పెన్ను దానంతట అదే లేస్తుంది. ఈ కథలో ఒత్తులు లేవు, కామాలు లేవు, "ప్రదక్షిణం" రాసిన తీరు చూస్తే పండిట్ సార్‌కు బీపీ పెరిగింది. అయినా రెండోసారి చదివేటప్పుడు నా పెన్ను లేవలేదు.

సార్ అభ్యంతరం వేరే. "కొట్టేసిన కొబ్బరికాయ కథ ఎట్లా చెప్తదమ్మా?" అన్నారు.

"సింహం మాట్లాడితే మార్కులు వేశారు కదా సార్" అన్నాను.

"సింహం బతికి ఉంది."

ఈ వాదన షాపులోనే జరిగింది. జిరాక్స్‌కు వచ్చినవాళ్లు కూడా ఆధార్ కార్డులు పట్టుకొని వింటూ నిలబడ్డారు. చివరికి మేడం నా వైపు వచ్చారు. సార్ షీటులో భాషకు మార్కులు కోసి, సృజనకు పూర్తిగా వేశారు. ఆయన మొండి మనిషే గాని నిజాయితీ ఉంది. ఆయన మెచ్చిన ఉడుత కథ మూడో బహుమతికి వచ్చింది. చక్కటి భాష, నాకూ ఇష్టమే.

రెండోది ఫోన్ కథ. అమ్మానాన్నలు పుణెలో బిల్డింగు పనికి పోతే, పిల్లవాడు నాయనమ్మ దగ్గర ఉంటాడు. పాలమూరు నుంచీ దేవరకొండ నుంచీ అట్లా పోయేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, పిల్లలు అవ్వల దగ్గర పెరగడమూ కొత్త కాదు. ఈ కథలో కొత్తదేమిటంటే అందులో జరిగేది ఒక్క ఫోన్ కాల్ మాత్రమే. నాయనమ్మ మోకాళ్లు పట్టుకొని కూర్చొని "మంచిగున్న బిడ్డా" అంటుంది. అవతల తండ్రి "పని మస్తుగున్నది" అంటాడు. పిల్లవాడు రాస్తాడు: "నాయిన కాడ టీవీ మోగుతున్నది. పనికి పోతే పగటి పూట టీవీ ఎట్ల మోగుతది?" తర్వాత ఫోన్ వాడి చేతికి వస్తుంది. వాడూ "మంచిగనే సదువుతున్న" అంటాడు. కథ అయిపోయింది. వాడు బడికి పోతున్నాడో లేదో వాడు చెప్పడు. ముగింపు లేదని సార్, అదే ముగింపని నేను.

బహుమతి ఇవ్వలేకపోయిన ఒక కథ ఉంది, అది మనసులో నిలిచింది. బత్తాయి తోటకు వ్యాపారి వచ్చిన రోజు గురించి ఒక అమ్మాయి రాసింది. తరుగు కింద పక్కకు తీసేసిన కాయలు తను లెక్కపెడుతుంది, వాటిలో మచ్చ లేనివి ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెడుతుంది. ఆ పేరా అద్భుతం. దాని ముందు రెండు పేజీలు రైతు దేశానికి వెన్నెముక అని, వెనక ఒక పేజీ రైతును కాపాడుకోవాలని. ఒక్క పేరాకు బహుమతి పెట్టే పోటీ ఎవరైనా పెడితే బాగుండు.

ఈ అమ్మాయి కోసమే, ప్రతి కథకూ రెండు వాక్యాలు రాసి పంపాలని మొండికేశాను. సర్టిఫికెట్‌తో పాటు చిన్న స్లిప్పు. "చాలా బాగుంది, ఇంకా కృషి చేయాలి" అన్నది నిషేధం. కథలో ఒక ఫలానా చోటు చూపించి, అక్కడ ఏం నచ్చిందో చెప్పాలి. బత్తాయి అమ్మాయికి "కాయలు లెక్కపెట్టే చోటు నుంచే కథ మొదలుపెట్టు" అని రాశాను. సింహాల వాళ్లకు రాయడానికే ఎక్కువ కష్టపడ్డాను. ఒక సింహానికి పంటినొప్పి ఉంది, పాపం దాన్ని పట్టుకొని రాశాను.

ఎంపికైన కథలు చిన్న పుస్తకంగా వస్తున్నాయి. కంపోజింగ్ నాకే వచ్చింది. "విద్యార్ది" అని రాస్తే దిద్దాను. "వచ్చిండు", "మస్తుగున్నది" ముట్టుకోలేదు. ఈ పని చేస్తున్నప్పుడల్లా నాకు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గుర్తొస్తారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందరూ కవులను తలుచుకుంటారు. నేను మాత్రం సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, అన్ని పద్యాల ప్రూఫులు దిద్దినవాళ్ల కళ్లను తలుచుకుంటాను.

ఫలితాలు వచ్చాక ఒక తండ్రి షాపుకు వచ్చాడు. వాళ్ల పాప కథలో నీతి కూడా ఉంది కదా, ఎందుకు రాలేదని అడిగాడు. ఉంది, నిజమే. ఆ పాప కథలో కోతి కరెంటు తీగ మీద నడిచే చోటు నాకు నచ్చిందని చెప్పాను. "ఆ ముక్క కొట్టేయమని నేనే చెప్పిన మేడం, వినలే" అన్నాడు.

నిర్వాహకులకు మూడు సంగతులు రాసిచ్చాను. నీతి కాలమ్ తీసేయండి. అంశాల జాబితా ఇవ్వకండి. పోటీ జూలైలోనో ఆగస్టులోనో పెట్టండి, పత్తి ఏరే రోజుల్లో వద్దు, అప్పుడు రాయగలిగిన పిల్లలు సగం మంది చేలల్లో ఉంటారు. మొదటి రెండింటికీ కమిటీలో మాట్లాడి చెప్తామన్నారు. మూడోదానికి మాత్రం వెంటనే సరే అన్నారు.