పన్నెండు కాదు, పది

మా హాల్లో గోడ గడియారం ఆగిపోయి ఎనిమిది నెలలైంది. అది నా నిర్వాకమే. దాని మిషను ఊడదీసి, విమానంలో ఎత్తు చూపించే ఆల్టీమీటరు చేద్దామనుకున్నాను.

నేను చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు వైండింగ్ చేస్తాను. అల్లవరం వైపు రొయ్యల చెరువులున్న వాళ్ళు చాలామంది దగ్గర నా నంబరు ఉంటుంది, మోటారు కాలితే అర్ధరాత్రయినా మోగుతుంది. ఫోన్ మోగని రాత్రుల్లో మాత్రం నేను సెస్నా 172 అనే చిన్న విమానానికి పైలట్‌ని. నిజం విమానం ఎక్కింది రెండేసార్లు, రెండుసార్లూ రెక్క మీద సీటే. మిగతాదంతా కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్. స్క్రీన్ మీద బొమ్మ మీటర్లు చూసి చూసి విసుగొచ్చి, చేత్తో తాకగలిగే ప్యానెల్ కట్టుకుందామని మొదలుపెట్టాను. ముందు ఆల్టీమీటరు, ఎందుకంటే అది చూడ్డానికి గడియారమే కదా, సులువనుకున్నాను.

పొడుగు ముల్లు ఒక చుట్టు తిరిగితే వెయ్యి అడుగులు. పొట్టి ముల్లు చుట్టు తిరిగితే పదివేలు. లక్ష అడుగుల చుట్టుకి ఇంకో సన్న ముల్లు కూడా ఉంటుంది గానీ, నా సెస్నా అంత పైకి ఎక్కేది లేదు, దాన్ని వదిలేశాను. గడియారం మిషనుకి వెనక నుంచి 28బీవైజే-48 అనే చిన్న స్టెప్పర్ మోటారు, అంటే చెప్పినన్ని అడుగులే లెక్కగా తిరిగే మోటారు, తగిలించి తిప్పాను. అయిదువేల అడుగుల దగ్గర పొడుగు ముల్లు పైన సున్నా మీద, పొట్టిది కింద అయిదు మీద నిలబడాలి. పొట్టిది నాలుగు దాటి కాస్త ముందుకెళ్ళి ఆగిపోయింది. మోటారుదే తప్పనుకుని రెండు రోజులు ప్రోగ్రాముని తిట్టుకున్నాను.

అమలాపురం గడియారస్తంభం దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. మా నాన్నకి స్నేహితుడు, నేను బాబాయ్ అంటాను. ఆయన కంటికి భూతద్దం కూడా పెట్టుకోలేదు, డయల్ చూసి నవ్వారు.

"ఇందులో అంకెలెన్ని రా?"

"పది బాబాయ్. సున్నా నుంచి తొమ్మిది."

"గడియారంలో?"

అంతే. గడియారంలో నిమిషాల ముల్లు పన్నెండు చుట్లు తిరిగితే గంటల ముల్లు ఒక చుట్టు. నాకు కావాల్సింది పదికి ఒకటి. గోడ గడియారం దండగైపోయింది. పళ్ళ చక్రాలు కొత్తగా చేయించుకోవాలి.

ఇక్కడ చిన్న లెక్కుంది, నాకు భలే నచ్చింది. రెండు ముళ్ళూ ఒకే ఇరుసు మీద ఉండాలి కాబట్టి, పక్కనున్న చక్రాల జత దగ్గరికి వెళ్ళి మళ్ళీ అదే ఇరుసుకి తిరిగి రావాలి. అంటే వెళ్ళే జతలో పళ్ళ మొత్తం, వచ్చే జతలో పళ్ళ మొత్తం సమానం కావాలి. మా అమ్మాయి లెక్కల నోట్సు వెనక పేజీలో గీకి గీకి చివరికి పట్టుకున్నాను: 20కి 50, 14కి 56. రెండున్నర రెట్లు, నాలుగు రెట్లు, కలిపి పది. రెండు జతల్లోనూ పళ్ళు డెబ్భై. ఆ రాత్రి అన్నం చల్లారిపోయినా పట్టించుకోలేదు.

రాజమండ్రిలో పెళ్ళిళ్ళ బోర్డులు కోసే లేజర్ షాపులో యాక్రిలిక్ షీటు మీద కోయించాను. పళ్ళు మరీ సన్నం, లేజర్ కోసిన చోట అంచులు కొంచెం కాలిపోతాయి. బిగించాక పొట్టి ముల్లు ఊయలలా ఊగింది. ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఒకలా చూపించడం మొదలెట్టింది. మళ్ళీ బాబాయ్ దగ్గరికే. ఆయన పాత అలారం టైంపీసు లోంచి హెయిర్ స్ప్రింగ్ తీసి, ఒక కొస పొట్టి ముల్లు గొట్టానికి, రెండో కొస ప్లేటుకి బిగించారు. స్ప్రింగ్ చక్రాన్ని ఎప్పుడూ ఒకవైపే లాగుతుంది కాబట్టి పళ్ళ మధ్య వదులు ఎటూ కదలదు. నిజం మీటర్లలోనూ ఈ పనికి సన్నటి స్ప్రింగే వాడతారు. డబ్బులిస్తే తీసుకోలేదు. "ముందు మీ ఇంట్లో గడియారం బాగుచేయించు" అన్నారు.

డబ్బా ఏమంత పని కాదు. చెరువుల దగ్గర మిగిలిపోయిన 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క చాలు. అసలు మీటరు కోసం ప్యానెల్‌లో పెట్టే రంధ్రం మూడుంబావు అంగుళానికి కొంచెం తక్కువ. అందులో పైపు కాస్త వదులుగా కూర్చుంటుంది, చుట్టూ టేపు వేశాను. మోటారుని నడిపే ఆర్డునో నానో అనే చిన్న బోర్డు, సిమ్యులేటర్ లోని ఎత్తుని దానికి అందించే మోబీఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌కి కలిపాను.

నిజంగా ఏడిపించింది కరెంటు. స్టెప్పర్ మోటారుకి తాను ఎక్కడుందో తెలియదు, మొదట సున్నా చూపించాలి. అందుకని పొడుగు ముల్లు చక్రానికి చిన్న అయస్కాంతం అంటించి, ఎదురుగా అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టాను. ఒక సాయంత్రం నాలుగువేల అడుగుల్లో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక పొడుగు ముల్లు బుద్ధిగా సున్నా మీదికొచ్చి ఆగింది, పొట్టిది మాత్రం ఇంకా నాలుగు మీదే ఉంది. పొడుగు ముల్లు ప్రతి వెయ్యికీ ఒకసారి సున్నా దాటుతుంది, అది ఏ సున్నానో సెన్సర్‌కేం తెలుసు? ఇప్పుడు పొట్టి ముల్లు చక్రానికీ ఒక అయస్కాంతం ఉంది. ముందు పొట్టిది సున్నా దగ్గరికి చేరేదాకా కిందికి తిప్పి, ఆ తర్వాత పొడుగు దానితో సరిచూస్తుంది. బాగా పైన ఉంటే ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం ముళ్ళు గిరగిరా తిరుగుతుంటే మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి చూస్తుంది.

మీటరు మూలనున్న మీట గాలి ఒత్తిడి సరిచేయడానికి. ఆల్టీమీటరు ఎత్తుని కొలవదు, గాలి ఒత్తిడిని కొలిచి ఎత్తుగా చెబుతుంది. ఒత్తిడిని హెక్టోపాస్కల్స్‌లో లెక్కిస్తారు. ప్రామాణిక ఒత్తిడి 1013 అనుకుంటే, ఒకటి తగ్గితే దాదాపు 27 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. 1928లో పాల్ కోల్స్‌మన్ తెచ్చిన సున్నితమైన మీటరులో ఈ సర్దుబాటు ఉంది. అలాంటి మీటర్ల సాయంతోనే మరుసటి ఏడు సెప్టెంబరు 24న అమెరికన్ పైలట్ జిమ్మీ డూలిటిల్ ముసుగేసిన కాక్‌పిట్‌లో బయటికి చూడకుండా మీటర్లతోనే ఎక్కి దిగగలిగాడు.

ఇదంతా బాబాయ్‌కి చెబుతుంటే ఆయన 1996 నవంబరు 6 తుపాను ఎత్తారు. మన కోనసీమలో ఆ పేరెత్తకుండా గాలి మాట ముగియదు. "ఆ రాత్రి ఇది మా ఇంట్లో ఉంటే ఏం చూపించేది?" లెక్కేశాను. ఒత్తిడి ఓ పాతిక హెక్టోపాస్కల్స్ పడిందనుకుంటే, మీట తిప్పకపోతే దగ్గర దగ్గర ఏడువందల అడుగులు.

"ఏడువందలా!" అన్నారు. "మరి నీళ్ళు మోకాలి దాకా వచ్చాయేంట్రా?"

నిన్న రాత్రి రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో దిగాను, సిమ్యులేటర్‌లోనే. ఆ రన్‌వే సముద్రమట్టానికి సుమారు 150 అడుగుల ఎత్తు. చక్రాలు నేలకి తగిలినప్పుడు పొడుగు ముల్లు ఒకటికీ రెండుకీ సరిగ్గా మధ్యన ఉంది. మీట మాత్రం ముసురు పట్టిన రోజున బిగుసుకుపోతోంది, ఆదివారం విప్పాలి.