మూడు కొట్టి, ఆగి, రెండు

చప్పట్లు కొట్టీ కొట్టీ మా చిన్నాడి అరచేతులు ఎర్రగా కందిపోయాయి, అయినా గోల్కొండ ఫతే దర్వాజా కింద నుంచి కదలడే!

వాళ్ల నాన్న, అక్క పైకెక్కి, కోట కొండ కొసన ఉన్న బాలా హిస్సార్ దగ్గర నిలబడ్డారు, ఇక్కడికి దాదాపు కిలోమీటరు. శత్రువులొస్తే పైవాళ్లను హెచ్చరించడానికి ఇక్కడ చప్పట్లు కొట్టేవారట. చప్పట్లు అక్కడికి వినపడ్డాయో లేదో ఫోన్‌లో చెప్పాలి, అదీ ఒప్పందం.

"వినపడుతున్నాయిరా, కానీ అందరూ కొడుతుంటే నీవేవో ఎలా తెలుస్తుంది?" అంది అక్క.

కాసేపు ఆలోచించి, "మూడు కొట్టి, ఆగి, రెండు కొడతా. అది నేనే" అన్నాడు. రెండోసారికే పైనుంచి కేకలు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకోలేకపోయాను.

ఈ కోటనేలిన కుతుబ్ షాహీల గురించి రాత్రంతా చదివి వెళ్లాను, చెప్పబోతే ఒక్కరూ వినలేదు (టికెట్ల క్యూలోనే మొదలుపెట్టడం నా తప్పే). తిరుగు దారిలో మాత్రం వాడే అడిగాడు, ఇంత గట్టి కోట ఎలా ఓడిపోయిందని. 1687లో ఔరంగజేబు సైన్యం 8 నెలలు బయటే కాచుకుని కూర్చుందని, చివరికి లోపలివాళ్లే తలుపు తీశారని చెప్పాను.

"మరి ఎవరూ చప్పట్లు కొట్టలేదా?"

నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన పేజీల్లో ఆ ప్రశ్నే లేదు.

ఇప్పుడు రాత్రి పదిన్నర. పడకగదిలోంచి మూడు, ఆగి, రెండు. మంచినీళ్లు కావాలట.