యాకె కొట్టె?

పోయిన శనివారం రామనగరం వైపు గుట్ట మీద అజ్జ, అంటే కన్నడంలో తాత, నన్ను అడిగిన మాట ఇది. ఉలిక్కిపడి "అయ్యో నేనెక్కడ కొట్టాను అజ్జా, చెయ్యి కూడా ఎత్తలేదు" అని తెలుగులోనే మొదలెట్టేశా. ఆయన ఇంకా గట్టిగా అదే మాట. పక్కనున్న మైసూరమ్మాయి నవ్వాపుకుంటూ చెప్పింది, కన్నడంలో యాకె కొట్టె అంటే ఎందుకిచ్చావు అని అంట. బెంగళూరొచ్చి పద్నాలుగు నెలలైంది, ఇవ్వడానికీ కొట్టడానికీ ఇంకా తేడా తెలీలేదు నాకు. సరే, ఇచ్చిన మాట నిజమే. ఒక అరటిపండు, ఒక ఆడకోతికి.

ముందు నా ఉద్యోగం ఏంటో చెప్తా. ఇక్కడ ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ని. ఊళ్ళో రీసెర్చ్ అని చెప్పుకుంటున్నారు కానీ సగం రోజులు కోతుల వెనకాల తిరిగి పెంట ఏరడమే పని. పడీ పడగానే వెళ్ళి, నేలకి తగలని లోపలి భాగం పుల్లతో కొంచెం తీసి, ఇథనాల్ ఉన్న ట్యూబ్‌లో వేసి, తేదీ, టైము, ఏ కోతో రాయాలి. ల్యాబ్‌కి తెచ్చి మైనస్ 80 ఫ్రీజర్‌లో పెడితే తర్వాత అందులోంచి డీఎన్ఏ తీసి పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఎంతుందో చూస్తారు. గుట్ట కింద గుడి దగ్గర ఒక గుంపు, పైన రాళ్ళల్లో ఇంకో గుంపు. కింది గుంపుకి కొబ్బరిచిప్పలు, బిస్కెట్లు, కుర్‌కురే, జనం ఏది పడేస్తే అది. పై గుంపుకి ఎవరూ ఏమీ పెట్టరు, మర్రిపళ్ళు, చిగుళ్ళు, పురుగులు. ఈ రెండు గుంపుల పొట్టల్లో తేడా ఏంటన్నదే మొత్తం ప్రాజెక్ట్. నేను పండు ఇచ్చింది పై గుంపు కోతికి. ఇప్పుడు అర్థమైందిగా అజ్జ ఎందుకు అరిచాడో.

కానీ నా వైపు కూడా వినండి. శనివారం, పొద్దున్నే లేచి తలస్నానం చేసి వచ్చా, సంచిలో పండుంది, అది వచ్చి రెండడుగుల దూరంలో కూర్చుని చూస్తోంది, పొట్టకి పిల్ల అతుక్కుని ఉంది. మా ఊరి ఆంజనేయస్వామి గుట్టెక్కితే ఎవరైనా ఏం చేస్తారు? ఆలోచించే పనేముంది, చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. అది తొక్క తీసి, సగం కొరికి బుగ్గలో దాచుకుంది, ఆ పక్క బుగ్గ గోళీకాయ పెట్టినట్టు ఉబ్బింది, మిగతా సగం చేత్తో పట్టుకుని నా వంకే చూసింది. అప్పుడే అజ్జ.

ఆయన ఆ గుట్ట కింద ఊరివాడే, మాకు దారి చూపిస్తాడు, చదువు రాదు. అరిచేసి ఊరుకోలేదు, నా నోట్‌బుక్ మీద వేలు పెట్టి రాయి అన్నాడు. రాశా. అరటిపండు, ఒకటి, 10:40. మా ల్యాబ్ మేడం సోమవారం అది చూసి ఏమీ అనలేదు, ఆ కోతి శాంపిల్స్ కొన్నాళ్ళు పక్కన పెట్టండి అంది అంతే. తిట్టినా బాగుండేది.

వారం నుంచి ఇదే నమిలేస్తున్నా. ఒక్క పండుకి ఏమైపోతుంది అని. మనుషుల మీద చేసినప్పుడు తిండి మొత్తం మార్చేస్తేనే ఒకట్రెండు రోజుల్లో తేడా కనిపించింది, ఒక్క పండు లెక్కలోకే రాదు అని నాకు నేనే వాదించుకున్నా. మళ్ళీ నేనే అనుకుంటా, పండు గురించి కాదురా, ఈరోజు నువ్వు ఇస్తే రేపు ఆ పిల్లకోతి ఎవరి సంచి చూసినా దగ్గరికొస్తుంది, అజ్జ బాధ అది.

అసలు పొట్టలో బ్యాక్టీరియాని నిర్ణయించేది తిండి ఒక్కటే కూడా కాదు. 2008లో 60 రకాల క్షీరజాతుల పెంట పోల్చి చూశారు, మనుషులతో కలిపి. మాంసం తినేవాటికన్నా అన్నీ తినేవాటిలో, వాటికన్నా ఆకులు తినేవాటిలో బ్యాక్టీరియా రకాలు ఎక్కువున్నాయి, ఇది ఊహించిందే. పాండాది మాత్రం వేరే కథ. జీవితమంతా వెదురు తిని బతుకుతుందా, పేగుల్లో మాత్రం దాని ఎలుగుబంటి చుట్టాల బ్యాక్టీరియానే, ఆవులాగా మారలేదు. వంశం అంత తొందరగా వదలదు. ఇక్కడ పదేళ్ళుండి కన్నడం దంచేస్తున్న మా బావ ఇప్పటికీ సాంబార్‌లో బెల్లం తగిలితే మొహం చిట్లిస్తాడు, పాండా కేసే.

నన్ను ఎక్కువ కుదిపింది మాత్రం వేరే పేపరు. 2016లో వచ్చింది, వియత్నాం వైపు ఉండే డూక్ అనే ఆకుతినే కోతుల మీద. మన కొండముచ్చుల చుట్టాలే, పొట్ట ఆవుదిలా గదులుగా ఉంటుంది, ఆకుల్ని పులియబెట్టుకుని అరిగించుకుంటాయి. అడవిలో ఉన్నవి, మనుషుల మధ్య సగంసగం బతికేవి, జూలో ఉన్నవి, వరసగా చూసుకుంటూ పోతే సొంత బ్యాక్టీరియా తగ్గుతూ తగ్గుతూ చివరికి మనుషుల పేగుల్లో ఉండేవాటికి దగ్గరగా వచ్చేసిందంట. ఆ ల్యాబ్‌వాళ్ళవే పేర్లు 2018లో ఇంకో పేపర్లో కనిపించాయి, ఈసారి కోతులు కాదు, థాయ్‌లాండ్ నుంచి అమెరికా వలసెళ్ళిన హ్మాంగ్, కరెన్ అనే తెగల జనం. వెళ్ళిన నెలల్లోనే పేగుల్లో సొంత ఊరి బ్యాక్టీరియా పోవడం మొదలైందంట, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా, అక్కడే పుట్టిన పిల్లల్లో ఇంకా ఎక్కువ. అది చదివిన రాత్రి పీజీలో గట్టిపడిన పుల్కా, నీళ్ళ పప్పు తింటున్నా. జూలో డూక్, పీజీలో నేను.

అమ్మ ప్రతిసారీ స్టీలు డబ్బాలో పెరుగు తోడు కట్టిస్తుంది. ఒంగోలులో బస్సెక్కి కలాసిపాళ్యంలో దిగేదాకా ఒళ్ళో పెట్టుకుని వస్తా, మూత చుట్టూ గుడ్డ. ఇక్కడి పాలతో రెండుసార్లు బాగానే తోడుకుంటుంది, మూడోసారికి జిగురు, నాలుగోసారికి ఇక్కడి పెరుగే. పాలది తప్పో, పీజీ ఫ్రిజ్‌ది తప్పో. మేడంని అడుగుదామనుకుని ఊరుకున్నా.

సుబాబుల్ సంగతి కూడా చెప్పాలి, మా ప్రకాశంవాళ్ళకి కాగితం మిల్లులకి అమ్మే చెట్టుగానే తెలుసు. ఆ ఆకు ఎక్కువ తిని ఆస్ట్రేలియాలో పశువులకి వెంట్రుకలు ఊడిపోయేవి, గొంతు వాచేది. అదే ఆకు హవాయిలో మేకలు హాయిగా తినేవి. వాటి పొట్టలో ఆ విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉంది, 1980ల్లో దాన్ని తీసుకెళ్ళి ఆస్ట్రేలియా పశువులకి ఎక్కిస్తే అవీ తినడం మొదలెట్టాయి. అంటే ఏం తింటున్నావన్నదే కాదు, ఎవరి నుంచి ఏం తెచ్చుకున్నావన్నది కూడా లెక్కే. కెన్యాలో అంబోసెలి దగ్గరి బబూన్ కోతుల్లో 2015లో చూసిందీ అలాంటిదే, ఒకదానికొకటి పేలు చూసుకునే వాటి పేగుల్లో బ్యాక్టీరియా ఎక్కువ కలుస్తోంది, ఒకే తిండి తినడం అనే లెక్క తీసేసినా. అక్కడే తర్వాత 14 ఏళ్ళపాటు 585 బబూన్ల పెంట దాచి చూస్తే తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చేది కూడా ఉందని తేలింది, కొంచెమే అయినా. పద్నాలుగేళ్ళు! మాది ఏడాదిన్నర ప్రాజెక్ట్, అందులో నా పండొకటి.

ఈ అరటిపండు గొడవ అమ్మకి ఫోన్లో చెప్పా. "పెద్దాయన అన్నాడంటే ఏదో ఉండే ఉంటుందిలే నాన్నా, అయినా నువ్వు పెట్టకపోతే అదేం తినేది?" అంది. ఆకులు, కాయలు, పురుగులు అన్నా. "మరి నువ్వేం తిన్నావ్?" మ్యాగీ అని చెప్పడం ఎందుకని సిగ్నల్ పోతోందన్నా.

ఈ శనివారం మళ్ళీ వెళ్ళాం. సంచిలో పళ్ళు లేవు, చూపించా కూడా. అజ్జ నవ్వలేదు. పన్నెండింటికి "ఊట ఆయ్తా?" అన్నాడు, భోజనం అయిందా అని, లేదన్నా, ఆయన డబ్బా తీసి రాగిముద్ద సగం విరిచి మూతలో పెట్టి చారు పోశాడు. నమలకు, మింగు అని గొంతు మీద వేలుతో చూపించాడు. సంగటి మాకూ తెలుసు అజ్జా అందామంటే కన్నడం రాలేదు, మింగా. అంతలో అదే ఆడకోతి, పిల్లతో, మళ్ళీ రెండడుగుల దూరంలో. నా చెయ్యి ఆగింది. అజ్జ డబ్బా మీద తువ్వాలు కప్పి, నా భుజం పట్టి అటు తిప్పాడు. ఇద్దరం దానికి వీపు పెట్టి తిన్నాం.