గజ్జెల టీచర్, మా పాదాలు

మన స్కూలు కలయిక సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ తరఫున మన క్లాస్ లీడర్ ఫోన్ చేసింది. పానగల్లు పిక్నిక్, ల్యాబులో కప్ప, గేటు దగ్గర జామకాయల అవ్వ... ఇవన్నీ రెండో బెంచి వాళ్లు వదలకుండా రాస్తారు. నేను మనకు డాన్సు నేర్పిన గజ్జెల టీచర్ గురించే రాస్తాను. ఇప్పుడు నేను చేస్తున్న పని ఆమె దగ్గరే మొదలైంది.

శనివారం ప్రాక్టీసు అవగానే వరండా మెట్ల మీద వరసగా కూర్చోబెట్టేవారు కదా. "మొఖాలు తర్వాత చూస్త, ముందు కాళ్లు చాపుండ్రి" అనేవారు. వేళ్ల సందులు విడదీసి చూసి, తడి ఉంటే తుడిపించేవారు. గోరు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి, మూలలు లోతుగా తీస్తే కండలోకి దిగుతుందని చెప్పేవారు. మనం చింతపిక్క అని పిలిచే పిల్ల తన అరికాలి మీద కాయ కాసిన చోట బ్లేడుతో గీకిన రోజు గుర్తుందా? "అది దేవుడిచ్చిన చెప్పు. దాన్ని పారేసి ముండ్లల్ల నడుస్తవా?" అన్నారు. మడమలకు కొబ్బరినూనె రాత్రిపూటే. ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టడం ఆట అయ్యాకే. ముందే నానితే చర్మం మెత్తబడి బొబ్బలెక్కుతుంది.

హాల్లో షాబాదు బండల మీద ఒక్కనాడూ ఆడనివ్వలేదు. వేపచెట్టు కింద నీళ్లు చల్లిన మట్టిలోనే. అందరం సణిగినవాళ్లమే. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు ఉండి, ఒట్టి పాదంతో నేలను కొడితే ఆ దెబ్బ మడమ నుంచి మోకాలికి, నడుముకు ఎక్కుతుంది. మట్టి కొంత ఓర్చుకుంటుంది, బండ ఓర్చుకోదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు నుంచి వచ్చిన హాస్టలు పిల్లలనైతే ఇంకా జాగ్రత్తగా చూసేవారు. ఫ్లోరైడ్ నీళ్లకు వంకర్లు పోయిన కాళ్లను ఆమె ఆ ఊళ్లలో చూశారు మరి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల సంగతి వేరే ఎవరైనా రాయండి. నా మనసులో ఉన్నది పదో తరగతి యానివర్సరీ. మనం బొంగరం అని పిలిచే పిల్ల ఇత్తడి పళ్లెం మీద నిలబడి కూచిపూడి తరంగం ఆడాలి. కార్డులు అచ్చయ్యాయి, వాళ్ల నాయన ఊరందరినీ పిలిచాడు. రెండు రోజుల ముందు టీచర్ దాని పాదం పైభాగాన, రెండో వేలి వెనక ఎముక మీద, బొటనవేలితో నొక్కారు. ఒక్కచోట నొక్కగానే కేక పెట్టింది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. డాక్టర్లు ఆడొచ్చన్నారు. టీచర్ మాత్రం ఒప్పుకోలేదు. స్టాఫ్ రూమ్‌లో పెద్ద గొడవే అయింది. కిటికీ కింద నిలబడి మనం విన్నాం. "యానివర్సరీ మల్ల ఏడు కూడా వస్తది సార్. పిల్ల కాలు మల్ల రాదు." ఆ రోజు తరంగం లేకుండానే ప్రోగ్రాం జరిగింది. మూడు వారాల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎముక మీద సన్నని చీలిక, దాని చుట్టూ కొత్త ఎముక కనిపించాయి. ఇలాంటి చీలిక మొదట్లో ఎక్స్‌రేకు తరచూ దొరకదని నేను ఫిజియోథెరపీ చదివేటప్పుడు తెలుసుకున్నాను. ఆమె బొటనవేలికి ముందే తెలిసింది. బొంగరం ఆ తర్వాత ఎన్ని స్టేజీలెక్కిందో మీకు తెలుసు.

చదువయ్యాక కొంతకాలం లండన్‌లో బాలే డాన్సర్ల కాళ్లు చూశాను. వాళ్ల పట్టు బూట్ల మొనలో ఇనుమో చెక్కో ఉంటుందని చాలామంది అనుకుంటారు. గుడ్డ, కాగితం పొరలను జిగురుతో గట్టిపరిచిందే అది. ఒళ్లంతటి బరువు ఆ మొన మీద, వేళ్ల కొసల మీద పడుతుంది. పెద్ద డాన్సర్లకు ఒక్కోసారి ఒక ప్రదర్శనకే ఒక జత అరిగిపోతుంది. ఆ బూటు విప్పితే నల్లబడ్డ గోళ్లు, ఆనెలు, పక్కకు తిరిగిన బొటనవేళ్లు. అక్కడా ఎక్కువగా చీలేది రెండో వేలి వెనకాల ఎముకే. మొదటిసారి ఒకమ్మాయి పాదం నొక్కినప్పుడు నా వేలు తానుగా ఆ చోటికి పోయింది. వాళ్లు ఆడే నేల కింద గాలి ఖాళీ ఉంచి పైన చెక్క పరుస్తారు, అడుగు పడితే కొద్దిగా లొంగేలా. మన వేపచెట్టు కింద మట్టి చేసిన పని అదే.

"అన్నం తిన్నవా? నెలనెలా సరిగ్గ వస్తుందా?" అని ఆమె చెవిలో అడిగితే సిగ్గుతో చచ్చేవాళ్లం. ఇప్పుడు హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చే ప్రతి డాన్సర్‌ను, కూచిపూడైనా బాలే అయినా, నేను ముందు అడిగేది ఇవే. సన్నగా ఉండాలని కడుపు మాడ్చుకుంటే నెలసరి ఆగుతుంది, దాంతో ఎముక పలచబడుతుంది. పెద్ద పెద్ద గురువులు తమ శిష్యుల్ని నా దగ్గరికి పంపుతున్నారని ఈ మధ్య టీచర్‌తో చెప్పాను. "గోళ్లు చూస్తున్నవా?" అని అడిగారు. చూస్తున్నానన్నాను.

మన కలయిక నాడు చిన్నపిల్లలు హాల్లోనే ఆడతారట. ఆ బండల మీద వద్దు. కింద రబ్బరు ముక్కలు పెట్టి పైన ప్లైవుడ్ పరిపించండి, ఖర్చు నాది. ముందు రోజు సాయంత్రమే వచ్చి వాళ్ల కాళ్లు కూడా చూస్తాను.