చిత్రిక పట్టడం

వడ్రంగి చెయ్యి ఒక్కసారి ముందుకు జారింది, కాగితం కన్నా పలచటి పొర ఒకటి చెక్క మీంచి చుట్ట చుట్టుకుంటూ లేచి నా కాళ్ళ దగ్గర పడింది. "చేతిలో ఆ పనిముట్టేంటన్నా?" అంటే తల ఎత్తకుండానే "చిత్రిక సార్" అన్నాడు.

"జీవితాన్ని చిత్రిక పట్టిన కథ" అని చదివినప్పుడల్లా బొమ్మ గీయడమే అనుకున్నాను ఇన్నేళ్ళూ!

చెక్క దిమ్మ, మధ్యలో ఏటవాలుగా బిగించిన ఇనుప బ్లేడు, అడుగున వెంట్రుకవాసి బయటికొచ్చిన అంచు, అంతే. రంపం వదిలిన గరుకు పోయేదాకా పొర తర్వాత పొర తీస్తూనే ఉంటుంది. పోగుకు, అంటే చెక్కలో నార సాగే వైపుకు, ఎదురు తోస్తే చెక్క పెచ్చులు లేస్తుందట, అందుకే అతను ముందు తిప్పి తిప్పి చూసి, వేలితో నిమిరి, ఎటు నుంచి పట్టాలో తేల్చుకున్నాకే మొదలుపెట్టాడు. ఆ నిమరడం ఎంత బాగుందో.

వాక్యాన్ని చిత్రిక పట్టడం అంటే ఇదన్నమాట. చెక్కడం వేరు, అది ఉలి పని. ఇంత మంచి మాటని "చిత్రించడం" అనే అర్థంలో వాడేస్తుంటే మనసు చివుక్కుమంటోంది.

సాయంత్రం నిన్న రాసిన పేజీ తీశాను. రెండు పొరలు పోయాయి, ఇంకా చేతికి గరుగ్గానే తగులుతోంది.